కాణిపాకం వెళ్ళిన నకలు

మా ఇంటికి ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే, "ఈమె చిత్తూరులో టైపిస్టుగా చేసింది" అని నన్ను పరిచయం చేస్తారు. నేను కాదనను. జీతం ఆ పేరుతోనే ఇచ్చారు. కానీ టైపు చేసిందానికంటే టైపు చేయకుండా వదిలేసిందే నా అసలు పని. ఏది వదలాలో, ఏది వదలకూడదో తెలుసుకోవడానికి ఒక ఉద్యోగకాలమంతా పట్టింది.

సంగతేమిటంటే, ఊళ్ళో ఎవరిమీదైనా ఫిర్యాదు వస్తే సర్కారు నుంచి ఒకరు వెళ్ళి విచారణ చేస్తారు. నలుగురినీ పిలిచి అడిగి, వాళ్ళు చెప్పింది వాంగ్మూలంగా రాసుకుని వస్తారు. ఆ తర్వాత ఎవరిమీద చర్య తీసుకుంటారో ఆయన వచ్చి, "నామీద ఏం రాశారో నకలు ఇవ్వండి" అంటాడు. ఇవ్వాల్సిందే, అది ఆయన హక్కు. కానీ ఆ నకలులో చెప్పినవాళ్ళ పేర్లు ఉంటే వాళ్ళు ఊళ్ళో బతకలేరు. అందుకని ఇచ్చేముందు వాళ్ళ ఆనవాళ్ళు తీసేయాలి. ఆ తీసేసే మనిషిని నేను.

మా పక్కింటి అమ్మాయి ఈమధ్యే ఇలాంటి పనిలో చేరింది. కంప్యూటర్లో పేరు మీద నల్లగీత లాగితే అయిపోతుందని ధీమాగా చెప్పింది. నాకు నవ్వు వచ్చింది, కొంచెం కోపం కూడా వచ్చింది. ఆమె కోసం, ఆమె లాంటి వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇందులో ఉన్న పేర్లన్నీ నేను మార్చినవే అని వేరే చెప్పనక్కర్లేదు.

నల్ల సిరా

మాది రేణిగుంట. నాయన రైల్వేలో చేసేవాడు. ఆడపిల్లకు ఉద్యోగమేమిటని చుట్టాలు అంటున్నా వినకుండా నన్ను తిరుపతిలో తెలుగు టైపు నేర్చుకోవడానికి పంపాడు. డెబ్భైల మొదట్లో చిత్తూరులో ఉద్యోగం వచ్చింది. మా సెక్షనుకు హెడ్‌క్లర్కు దొరస్వామి గారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జలుబు చేసినట్టు ముక్కు తుడుచుకుంటూ ఉండే మనిషి. నాకు ఈ పని నేర్పింది ఆయనే.

నేను చేరేనాటికి అక్కడి పద్ధతి ఏమిటంటే, వాంగ్మూలాన్ని ఉన్నదున్నట్టు టైపు చేసి, ఆ తర్వాత పేర్ల మీద బ్రష్షుతో నల్ల సిరా పూయడం. చూడ్డానికి గట్టిగానే కనిపించేది. ఒకరోజు నకలు తీసుకున్న ఒకాయన ఆఫీసు మెట్ల మీదే కూర్చుని బీడీ తాగుతున్నాడు. తాగుతూ తాగుతూ కాగితం వెనక్కి తిప్పి, ఆ బీడీ బూడిదే తీసి వేలితో రుద్దడం మొదలుపెట్టాడు. టైపు మిషను అక్షరం కాగితాన్ని గుద్దుతుంది కదా, వెనకవైపు అది ఉబ్బెత్తుగా లేస్తుంది. బూడిద పడగానే సిరా కింద దాగిన పేరు తిరగబడి పైకి వచ్చింది. దొరస్వామి గారు కిటికీలోంచి చూసి పరుగెత్తి వెళ్ళి, ముద్ర సరిగ్గా పడలేదని ఏదో సాకు చెప్పి ఆ కాగితం వెనక్కి తెచ్చారు.

"సిరా పూసేది ఆడ ఏమో ఉండాదని మనమే వేలుపెట్టి సూపించేదమ్మా" అన్నారు నాతో. "ఇంగ ఈ పని వద్దు. తీసేయాల్సింది తీసేసి, మొదట్నించి మళ్ళీ టైపు చెయ్యి."

అలా మొదలైంది. పేరున్న చోట ఖాళీ వదిలితే ఇంకో చిక్కు. మునెమ్మ అన్న పేరుకు ఇంత ఖాళీ, వెంకటసుబ్బారెడ్డి అన్న పేరుకు అంత ఖాళీ. ఊళ్ళో పేర్లన్నీ తెలిసినవాడికి ఆ ఖాళీ చాలు. అందుకని ఏ పేరుకైనా ఒకే కొలత గీత పెట్టాం. ఇవన్నీ ఎవరూ పుస్తకంలో రాసి ఇవ్వలేదు. దెబ్బ తగిలినప్పుడల్లా ఒకటి నేర్చుకున్నాం.

పగవాడి చదువు

దొరస్వామి గారిది ఒక పద్ధతి ఉండేది. నకలు తయారయ్యాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పైకి చదవమనేవారు. ఆయన కళ్ళు మూసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, "నేనిప్పుడు నీ పగవాణ్ణి. సదువు" అనేవారు. అంటే ఎవరి మీద ఆ వాంగ్మూలమో ఆ మనిషి అయిపోయేవారు. గొంతు కూడా మారిపోయేది. మధ్యలో ఆపి, "ఓహో, పొద్దున్నే పాలు పోసి వస్తా ఉంటే సూసినాడంట. మా ఊర్లో పాలు పోసేది ఎవుడబ్బా, వాడేనా" అని మీసం లేని చోట మీసం తిప్పేవారు. అంతే, ఆ పాలమాట తీసేయాల్సిందే. మళ్ళీ టైపు, మళ్ళీ చదువు.

మొదట్లో నాకు ఇది నాటకంలా అనిపించి నవ్వు ఆగేది కాదు. "నగు తల్లీ నగు. నువ్వు నగితే వాడు పట్టుకుంటాడు" అని కసిరేవారు. కొన్నాళ్ళకు నాకే అలవాటైంది. ఏ కాగితం చేతికి వచ్చినా కాసేపు చెడ్డమనిషినయ్యి చదివేదాన్ని. పేరు తీసేసినంత మాత్రాన మనిషి మాయమైపోడు. ఇల్లు ఏ వైపు, ఏ పనికి పోతాడు, ఎవరితో తగువుంది, ఎక్కడ నిలబడితే అది కనపడుతుంది, ఇవన్నీ మనిషిని పట్టించేస్తాయి. ఈ పనిలో చేరేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: మంచివాళ్ళలా చదవొద్దు. నకలును మొదట చదివేది మంచివాడు కాదు.

రేణిగుంట గోదాము

అయితే తీసేయడం చేతనైనవాడికి ఇంకో జబ్బు పట్టుకుంటుంది. అన్నీ తీసేయాలనిపిస్తుంది. మాకు వచ్చిన ఒక ఆఫీసరు గారికి అది ముదిరిపోయింది. చాలా జాగ్రత్త మనిషి, తన విషయంలో.

రేణిగుంటలో ఒక గోదాములో మూటల వరస కూలి ఒక హమాలీ చనిపోయాడు. తోటి హమాలీలు విచారణలో ఉన్నమాట చెప్పారు. అంత ఎత్తు పేర్చొద్దని తాము అన్నామనీ, మేనేజరు వినలేదనీ. చనిపోయినవాడి భార్య నకలు అడిగింది. ఆఫీసరు గారు ఎర్ర పెన్సిలు తీసుకుని హమాలీల పేర్లు కొట్టేశారు, సరే. తర్వాత మేనేజరు పేరు కొట్టేశారు. యజమాని పేరు కొట్టేశారు. చివరికి మూటలు ఎంత ఎత్తు పేర్చారన్నది కూడా కొట్టేశారు.

నేను చదివి, "ఇదేంది సార్, మూటలకు వాటంతట వాటికే కోపమొచ్చి పడినట్టుండాది" అన్నాను.

"పేర్లు తీసేయమనే కదమ్మా రూలు."

"చెప్పినోళ్ళ పేర్లు సార్. చేసినోళ్ళవి కాదు."

నా నోరు అప్పటినుంచీ అంతే. మర్నాడే నన్ను తపాలా విభాగంలో కవర్లకు జిగురు పూయడానికి వేశారు. కొన్ని నెలలు పూశాను. ఈలోపల దొరస్వామి గారు రూలు పుస్తకం ముందు పెట్టుకుని పైవాళ్ళకు ఒక నోటు రాశారు. పైనుంచి ఆ మేరకే ఉత్తర్వు వచ్చింది. మేనేజరు పేరు, మూటల ఎత్తు, అన్నీ ఉన్న నకలే ఆమెకు అందింది. దాన్ని పట్టుకుని ఆమె ఏం సాధించిందో నాకు తెలియదు, ఆ ఫైలు మళ్ళీ మా దగ్గరికి రాలేదు. తన మగడు ఎందుకు పోయాడో మాత్రం ఆమెకు తెలిసింది. నన్ను మళ్ళీ పాత కుర్చీలోకి పిలిచారు. ఆ మాట కోసం జిగురు పూసినందుకు నాకు ఏనాడూ చింత లేదు, ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

వెనక వాకిలి

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. ఎనభైల్లో జరిగింది. ఐరాల దగ్గర ఒక పల్లె. అక్కడ రేషన్ అంగడి డీలరు మీద ఫిర్యాదు వచ్చింది. కిరసనాయిలు వచ్చిన రెండోరోజే అయిపోయిందంటాడు. జనం డబ్బాలు పట్టుకుని నిలబడి నిలబడి వెనక్కి పోతారు. పీపాలు మాత్రం వెనక వాకిలి నుంచి ట్రాక్టరెక్కి టౌనులో హోటళ్ళకు పోతాయి. విచారణాధికారి ఊరికి వెళ్ళి, బడి గదిలో కూర్చుని, కార్డున్న ప్రతి ఇంటి నుంచి ఒకరిని లోపలికి పిలిచి తలుపు మూసి అడిగాడు. అందరూ లోపలికి వెళ్ళారు కాబట్టి ఎవరు చెప్పారో, ఎవరు "నాకేం తెలీదు సామీ" అని వచ్చేశారో బయటివాళ్ళకు తెలిసే వీలు లేదు. తెలివైన పని చేశాడు ఆయన.

చెప్పినవాళ్ళలో ఒకామెను చెంగమ్మ అందాం. ఆమె గుడిసె డీలరు స్థలంలోనే, అంగడి వెనకాలే ఉంది. ఆమె కూలికి పోయేది డీలరు చెరకు తోటకే. మగడు మంచంలో ఉన్నాడు. డీలరుకు తెలిస్తే ఆ సాయంత్రానికే గుడిసె ఉండదు, కూలి ఉండదు. అన్నీ తెలిసి కూడా చెప్పింది. ధైర్యవంతుల మాటలు అంతకుముందూ చదివాను కానీ, ఇంత పోగొట్టుకోవాల్సి వచ్చే మనిషి ఇంత సూటిగా చెప్పడం చూడలేదు.

అంగడి ఆపేశారు. డీలరు అప్పీలుకు పోతూ నకలు అడిగాడు. మా జాగ్రత్త ఆఫీసరు గారు అప్పటికీ ఉన్నారు. "ఇవ్వలేమని రాసెయ్, గొడవ వదిలిపోతాది" అన్నారు. ఇక్కడ ఒకమాట. డీలరంటే నాకు అసహ్యమే. కానీ నామీద ఏం చెప్పారో చెప్పండి, జవాబిస్తాను అని అడిగే హక్కు దొంగకు కూడా ఉంది. అది ఇవ్వకపోతే మనం చేసేది విచారణ కాదు, చాటుమాటు దెబ్బ. దొరస్వామి గారూ నేనూ కలిసి ఆ మాటే చెప్పి ఒప్పించాం. సరే, సాక్షి ఒకటి, సాక్షి రెండు అని నంబర్లేసి ఇచ్చేయమన్నారు. నేను నంబర్లు కూడా వద్దన్నాను. ఎంతమంది చెప్పారో తెలిసినా వాడు లెక్కపెట్టుకుని వెతుకుతాడు. విషయాలను బట్టి అన్నీ కలిపి ఒక్క వరసలో రాశాను.

ఇక పగవాడి చదువు. దొరస్వామి గారు కళ్ళు మూసుకున్నారు. నేను చదువుతున్నాను. "తెల్లారకముందే వెనక వాకిలి నుంచి పీపాలు ట్రాక్టరులోకి ఎక్కించడం చూసినాను" అన్నచోట చెయ్యెత్తి ఆపారు.

"నా వెనక వాకిలి కనపడేది ఎవురికి? వెనక ఉండేవాళ్ళకే గదా. నా సలంలో ఉండి, నా కూలి తిని, నామీదనే సెప్పేంత పొగరా దానికి" అన్నారు. డీలరు గొంతే అది.

ఆ మాట తీసేస్తే ఆరోపణే పోతుంది. ఉంచితే చెంగమ్మ పోతుంది. నిజాన్ని మార్చి రాయడం మా పని కాదు. మళ్ళీ మళ్ళీ ఫైలంతా తిరగేశాను. విచారణాధికారి తన సొంత తనిఖీలో ట్రాక్టరు చక్రాల జాడలు వెనక వాకిలి దగ్గర చూశానని రాశాడు. హోటలువాళ్ళు పీపాలు కొన్నామని ఒప్పుకున్నది కూడా రాశాడు. ఇక ఆమె చూసిందన్న మాట అవసరమే లేదు. అదే నిజం అధికారి కళ్ళతో నిలబడుతుంది. ఆమె మాట తీసేసి, ఆయన తనిఖీ మొత్తం ఉంచాను. డీలరు చేసింది ఒక్క ముక్క కూడా తగ్గించలేదు. మళ్ళీ చదివితే దొరస్వామి గారు చివరిదాకా కళ్ళు తెరవలేదు. తెరిచి, "నాకు ఎవురూ దొరకలేదమ్మా" అన్నారు. అది ఆయన ఇచ్చే పెద్ద మెచ్చుకోలు.

ప్రమాణం

నకలు వెళ్ళిన కొన్ని వారాలకు ఒకామె ఆఫీసుకు వచ్చి "పేర్లు తీసే ఆయమ్మ యాడుండాది" అని అడుగుతూ నా బల్ల దగ్గరికి చేరింది. బక్కగా, ఎండకు కమిలిన మొహం. ఆమె పేరు చెప్పగానే లేచి క్యాంటీను వెనక్కి తీసుకుపోయాను. వాంగ్మూలం తీసుకున్న అధికారే, నీ పేరు తీసేసే ఆమె ఒకామె ఉందని ధైర్యం చెప్పాడట.

"అక్కా, నా పేరు బాగా తీసినావా?" అని అడిగింది.

"తీసినాను. నీ జాడ కూడా లేదు దాంట్లో."

"కాగితంలోంచి తీసినావు సరే. నా నోట్లోంచి ఎట్ల తీస్తావు?" అంది.

అప్పుడు చెప్పింది. నకలు ఎన్నిసార్లు చదివినా డీలరుకు ఎవరూ దొరకలేదు. దాంతో ఊరందరికీ చాటింపు వేయించాడు. ఫలానా రోజు కార్డున్న ప్రతి ఇంటివాళ్ళూ కాణిపాకం రావాలి. తలస్నానం చేసి, వినాయకుడి ముందు "నేను డీలరు మీద చెప్పలేదు" అని ఒక్కొక్కరూ ప్రమాణం చేయాలి. రానివాళ్ళే చెప్పినవాళ్ళు.

మా జిల్లా తెలియనివాళ్ళకు ఇది వింతగా ఉండొచ్చు. కోర్టులో అబద్ధమాడి నవ్వుకుంటూ బయటికి వచ్చేవాడు కూడా కాణిపాకంలో నోరు విప్పడానికి జంకుతాడు. అక్కడ అబద్ధపు ప్రమాణం చేస్తే ఇంటికి మంచిది కాదని పసిపిల్లలకు కూడా తెలుసు. ఎన్నో తగవులు ఆ గుమ్మం దాకా పోయి, ప్రమాణం చేసేలోపలే తేలిపోతాయి. నేను పగవాడి చదువు ఎంత చదివినా ఈ దారి నాకు తట్టలేదు.

"అబద్దం సెప్పేదానికి నాకు దైర్యం లేదక్కా" అంది చెంగమ్మ. "మంచంలో ఉండే మనిషిని పెట్టుకోని దేముడి కాడ అబద్దమాడేదెట్ల? పోకుంటే గుడిసె పాయె. పోతే ఆయన పాయె. ఏం సెయ్యమంటావో సెప్పు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను చర్చికి పోయే మనిషిని. బైబిలు మీద చెయ్యి పెట్టి నేను అబద్ధం చెప్పను. ఆమెను మాత్రం చెప్పేసి రమ్మని ఎలా అనగలను? ఆమె మొహం చూస్తుంటే ఒక్క మాట నాలుక చివరి దాకా వచ్చింది. నువ్వు ఒక్కదానివే కాదు, ఇంకా ఉన్నారు అని. అంతే అన్నా చాలు, ఆమెకు ప్రాణం లేచి వచ్చేది. "కాసేపుండు" అని చెప్పి దొరస్వామి గారి దగ్గరికి పోయాను.

"సెప్పొద్దు" అన్నారాయన, నేను అడగకముందే. "నువ్వు ఒక్కదానివి గాదు అంటే ఆమెకు దైర్యమొస్తాది. ఆ దైర్యంతో రేపు పక్కింట్లో, నువ్వు గూడా సెప్పినావా అని అడుగుతాది. ఆడికి ఇంకొకరి కొంప గూడా పాయె."

ఆయన మాట నిజం. ఆరోజు ఆయనంటే ఎంత కోపం వచ్చిందో మాత్రం చెప్పలేను. వెనక్కి వచ్చి చెంగమ్మతో, నేను చెప్పదగ్గ ఒకే ఒక్క మాట చెప్పాను.

"ఆ కాగితంలో ఏముండాదో మీరెవురన్నా వినినారా?"

"లేదక్కా. ఆయన కాడే పెట్టుకోనుండాడు."

"ఏం చెప్పలేదని ప్రమాణం చేస్తారో ముందు తెలియాల గదా. అందరికీ చదివి వినిపించమని అడగండి. అది అడిగినంత మాత్రాన ఎవురూ చెప్పినోళ్ళు అయిపోరు."

ఆమెకు అది పెద్ద ఊరటగా అనిపించలేదని తెలుస్తూనే ఉంది. కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ ప్రమాణం రోజు నేను బల్ల ముందు కూర్చున్నానే గానీ ఒక్క పేజీ సరిగా టైపు చేయలేదు. ఏసయ్యకు మొక్కుకున్నాను. జాగా ఆయనది కదా అని వినాయకుడికి కూడా ఒకమాట చెప్పుకున్నాను.

బెల్లం

ఆ తర్వాతి ఆదివారం చెంగమ్మ మా ఇంటికి వచ్చింది, బెల్లం దిమ్మె ఒకటి గుడ్డలో కట్టుకుని. నేను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోను. ఆ మాటే చెప్పాను. "తీసుకోవద్దులే, తిను" అని ఒక ముక్క విరిచి నా నోట్లో పెట్టింది. తర్వాత గడప దగ్గరే కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఆమె చెప్పిన తీరులోనే రాస్తాను, నా భాషలో అది రాదు.

"బోరింగు కాడ నీళ్ళకు నిలబడినప్పుడు మాట వేసినానక్కా. ఏం సెప్పలేదని ప్రమాణం సెయ్యాలంట మనం, ఎవురికన్నా తెలుసునా అని. ఆ మాట ఊరంతా పాకిపాయె. అందరూ పోయి సదివించమని అడిగినారు. డీలరు, సరే, ఆడే సదివిస్తా అన్నాడు. సదివేటప్పుడు మొగాలు సూస్తే తెలిసిపోతాదని ఆయన ఎత్తు. కాణిపాకంలో అందరమూ తలకు పోసుకోని తడిబట్టలతో నిలబడినాము. ఆయన గూడా పోసుకున్నాడు. ఆయన అల్లుడు కాగితం సదివినాడు. కిరసనాయిలు లేదని తిప్పి పంపింది, కొలత తగ్గించింది, వెనక వాకిలి, ట్రాక్టరు, హోటలు, అన్నీ. ఒకటి గూడా ఇడిసిపెట్టలేదు. సదువుతా ఉంటే ఒకరు గూడా గుసగుస పోలేదక్కా. అందరికీ జరిగిందే గదా అది. ఎవురి మొగం సూసినా ఒకే మాదిరి ఉండాది, ఆయన ఎవుర్ని పట్టుకుంటాడు?

"పిలిస్తే ముందు పాపమ్మవ్వ పోయింది. మా ఊర్లో పెద్దముసలి. కర్ర పట్టుకోని పోయి వినాయకుడికి దండం పెట్టి, డీలరు పక్కకు తిరిగింది. 'నాయనా, నేను సెప్పినానో లేదో తరవాత సూస్తాము. ముందు నువ్వు రా. ఈ కాగితంలో ఉండేదంతా అబద్దమని నువ్వు ప్రమాణం సెయ్యి. నువ్వు సేసినాక మేము వరసగా సేస్తాము' అనింది.

"ఆయన అల్లుడి పక్క సూసినాడు. అల్లుడు నేల సూసినాడు. వినాయకుడి పక్క మాత్రం సూడలేదక్కా, నేను సూస్తానే ఉండాను. కాసేపటికి, నాకు సలి జెరం వచ్చేట్టుండాది అని పంచె పిండుకుంటా బయటికొచ్చేసినాడు. మేమందరమూ టెంకాయలు కొట్టి బస్సెక్కి వచ్చేసినాము."

నేను నవ్వాను, ఏడ్చాను, రెండూ ఒకేసారి జరిగాయి. ఊరందరినీ ప్రమాణానికి పిలిచిన మనిషి, అక్కడ తాను కూడా నిలబడాల్సి వస్తుందని మరిచిపోయాడు. కానీ నాకు ఎక్కువ సంతోషం వేరే ఉంది. మా ఆఫీసరు గారి పెన్సిలు ఆ నకలు మీద పడి ఉంటే, అల్లుడు చదవడానికి అక్కడ ఏమీ మిగిలేది కాదు. సగం చెరిపిన కాగితమైతే పాపమ్మవ్వ దేన్ని పట్టుకుని అడిగేది? చెప్పినవాళ్ళు ఒక్కరూ కనపడకుండా, చేసింది మాత్రం అంతా కనపడేట్టు ఉన్న ఆ కాగితం నా చేతిది. ఈమాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. డీలరు అప్పీలు వెనక్కి తీసుకున్నాడు. అంగడి వేరేవాళ్ళకు ఇచ్చారు. చెంగమ్మ గుడిసె చెంగమ్మకు ఉంది.

వెళ్ళబోతూ ఆమె ఆగింది.

"అక్కా, ఒకమాట అడుగుతా. పాపమ్మవ్వ గూడా సెప్పిందా? సెప్పింటే మేమిద్దరమూ ఒకటి. సెప్పకుండానే నాకోసరం అంత పని సేసింటే, ఆయమ్మ నాకు దేముడు. నాకు ఏదని తెలియాల. నీకు తెలుసు గదా, ఒక్క మాట సెప్పు. ఎవురికీ సెప్పను."

నాకు తెలుసు. ఆ ఫైలు అక్షరం అక్షరం నాకు కంఠతా వచ్చు. ఆమెకు నేను బాకీ పడ్డట్టు కూడా అనిపించింది, అంత ధైర్యం చేసిన మనిషికి ఒక్క మాట ఇవ్వలేనా అని. బెల్లం రుచి ఇంకా నా నోట్లోనే ఉంది.

"నాకు తెలీదు" అన్నాను.

కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె మొహం మెల్లగా విప్పారింది.

"నా పేరు అడిగినోళ్ళకు గూడా ఇట్నే సెప్తావు గదక్కా" అంది. "సరేలే. సెప్పినా సెప్పకపోయినా ఆయమ్మ కాళ్ళకు మొక్కేది ఒకటేలే" అని బెల్లం గుడ్డ చంకన పెట్టుకుని బస్టాండు దారి పట్టింది.

పాపమ్మవ్వ పోయి చాలా కాలమైంది. డీలరు పోయాడు, దొరస్వామి గారు పోయారు. చెంగమ్మ కూడా లేదని ఈమధ్యే విన్నాను. ఇప్పుడు చెప్తే ఎవరి గుడిసే పోదు కదా, ఇంతకీ ఆ ముసలామె చెప్పిందా లేదా అని మీరు అడగొచ్చు.

నాకు తెలీదు.